రెండు పొదల పింజ

తొలకరి పడితే చాలు, ఎర్రగుట్ట కింద బడి తెరుస్తారు. మనుషుల బడి కాదు, పిల్లజీవాల బడి. దానికి గోడలుండవు, గంట ఉండదు. గుట్టకీ వాగుకీ నడుమ గడ్డి మొలవని పలుగురాళ్ళ దిబ్బ ఒకటుంది, అదే బడి. టీచరమ్మ తీతువు పిట్ట. సన్నటి పసుపు కాళ్ళు, కంటి ముందు ఎర్రతోలు, వెనక ఎవరో తరుముతున్నట్టు గబగబ నడక.

"నేనరిస్తే అపశకునం అంటారు. అరవని రోజు తెలుస్తుంది ఏది అపశకునమో" అని కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ మొదటి రోజే చెప్పేది.

ఆ బడిలో పద్యాలూ ఎక్కాలూ లేవు. ఉన్న చదువల్లా బతకడమే. అందులో మొదటి పాఠం పేరు ఇంటిపరుగు. టీచరమ్మ గాల్లోకి లేచి "తీ తీ తీ తూ!" అని అరవగానే ప్రతి పిల్లా ఒక్క గుక్కలో తన ఇల్లు చేరాలి. చేరగానే ఇంట్లో పెద్దవాళ్ళు చప్పుడు చెయ్యాలి. కౌజుపిట్టలైతే కూత, ఉడుతలైతే కిచకిచ, కుందేళ్ళైతే వెనక కాలితో నేల మీద దబదబ. బిడ్డ చేరింది అని దాని అర్థం. ఏ ఇంటినుంచి చప్పుడు రాకపోతే ఆ ఇంటిముందు టీచరమ్మ వాలేది.

ఎంత వింతో చూడండి. మనం అక్షరం దిద్దగా దిద్దగా ఒకనాటికి వేలే రాసేస్తుంది, తలతో పనుండదు. అక్కడ పరుగు దిద్దిస్తారు.

"తల ఆలోచించేలోగా కాళ్ళకు తెలిసిపోవాలి" అనేది టీచరమ్మ. "దారిలో నిలబడి ఆలోచించిన కుందేలు పెద్దదవగా నేనింతవరకూ చూడలేదు."

మొదటి రోజు ఒక్కొక్కరినే అడిగింది, "నీ ఇల్లేది?" అని.

"జొన్నచేను గట్టు" అంది కౌజుపిల్ల.

"చింతచెట్టు తొర్ర" అంది ఉడుతపిల్ల.

తర్వాత పింజ వంతు వచ్చింది. పింజంటే కుందేలు పిల్ల. దూదిపింజలా తెల్లటి పొట్ట, అందుకే ఆ పేరు.

"గుట్టమీద తంగేడు పొద ఒకటి, వాగొడ్డున జమ్ము పొద ఒకటి" అంది పింజ.

"అబ్బో, రెండిళ్ళ జమీందారమ్మ!" అని ఉడుతపిల్ల నవ్వింది.

"ఒక్కటి చెప్పు తల్లీ" అంది టీచరమ్మ.

పింజ చెవులు వెనక్కి వాలిపోయాయి.

పింజ తల్లి నేరేడు, తండ్రి గరికయ్య, పోయిన ఎండాకాలంలో విడిపోయారు. ఎందుకు విడిపోయారంటే ఇద్దరూ రెండు కథలు చెప్తారు. రెండింటిలోనూ తప్పు అవతలివాళ్ళదే. మనుషులు తాము పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటారు. ఈ రెండు కుందేళ్ళు పట్టిన పంతానికైతే అసలు కాళ్ళే లేవు, కూర్చున్న చోటునుంచి కదలదు.

వాళ్ళ తగువు తీర్చింది బసవయ్య తాత. కాడి దించేసిన ముసలెద్దు. ఏ మాటైనా బాగా నెమరు వేసి గానీ బయటికి వదలడు. అందుకే అందరికీ ఆయన మాటంటే గురి.

"బిడ్డ ఇద్దరిదీ" అన్నాడు తాత. "ఒక సంతనుంచి మరో సంత దాకా అమ్మ దగ్గర, ఆపైన సంత దాకా నాన్న దగ్గర. సంతబళ్ళు పోయేరోజు బడి వదిలాక, చీలుదారిలో నల్లరాయి ఉంది కదా, అక్కడ బిడ్డను మార్చుకోండి. మార్చుకునేటప్పుడు ఒక్క మాట మాట్లాడుకోండి. తిన్నదా, దగ్గుతోందా, బడిలో ఏం చెప్పారు, అంతే. మిగతా కోపం ఎవరి పొదలో వాళ్ళు దాచుకోండి."

ఇద్దరూ తలలూపారు. ఊపిన తలలు ఊపినట్టే ఇంటికి పోయాయి, మాట మాత్రం నిలవలేదు. సంతరోజు వచ్చేసరికి ఒకరు పింజను రాతిమీద కూర్చోబెట్టి, అవతలివాళ్ళ మొహం కనపడకముందే వెళ్ళిపోయేవారు. అవతలివాళ్ళు వీళ్ళ తోక పొదలో మాయమయ్యాకే వచ్చేవారు. ఆ మధ్య కాసేపు పింజ ఎవరి బిడ్డా కాకుండా ఆ రాతిమీద కూర్చునేది.

బడి సాగే కొద్దీ రోజూ ఏదో ఒక గొడవ. వాసనలు గుర్తుపట్టే పాఠానికి తలా ఒక ఆకు నమిలి తెమ్మంటుంది టీచరమ్మ. పింజ ఆకు గుట్టమీద ఉంటే పింజ వాగొడ్డున ఉండేది. చెవులకు బురదతో బడికి వస్తే నేరేడు కబురు పంపేది, "మీ నాన్నకు నీ చెవులు కనపడవా?" అని. పొట్ట ఎండిపోయి వస్తే గరికయ్య, "గుట్టమీద గడ్డి కరువా, మనసు కరువా?" అని. ఈ కబుర్లన్నీ మోసేది పింజే. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరిగినట్టు, ఈ మూట కింద పింజ వీపు వంగిపోయింది.

"అమ్మా, మాటలు మర్చిపోతున్నాను" అంది ఒకరోజు.

"నాన్న మాటలైతే మర్చిపోవుగా" అంది నేరేడు.

ఇదంతా గుట్ట వెనకున్న కొండమీద కూర్చుని ఒకాయన వింటున్నాడు. శాంతయ్య అనే నక్క. ఆ పేరు ఎవరూ పెట్టలేదు, ఈ పక్కకు వచ్చాక తనే పెట్టుకున్నాడు. పింజ పరుగు చూశాడు. బడిలో అంత వేగంగా పరిగెత్తే పిల్ల ఇంకొకటి లేదు. పరిగెత్తి దాన్ని ఏ నక్కా పట్టలేదు. శాంతయ్యకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే తన పరుగును నమ్ముకోలేదు.

తిన్నగా తంగేడు పొదకు వెళ్ళి ముళ్ళకంచెకు ఇవతలే నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, భయపడకు. నేను మాంసం మానేశాను. రేగుపళ్ళ మీదే బతుకుతున్నా. కంచె దాటను, ఒక్క మాట చెప్పి పోతా."

"నక్కతో నాకేం మాటలు?" అంది నేరేడు.

"అదీ నిజమే. కానీ చెవిన పడ్డది చెప్పకపోతే నాకు పళ్ళు కూడా అరగవు. మా బావ, అదే మీ ఆయన..."

"మా ఆయన కాడు."

"అలవాటు పడ్డ నోరమ్మా. ఆ గరికయ్య టీచరమ్మకు కబురు పెట్టాడట, పింజ ఇల్లంటే వాగొడ్డే అని. గుట్టమీది దానికి చూపు ఆనదు, దాని దగ్గర బిడ్డకు కాపుదల లేదు అన్నాడట."

"నాకు చూపు ఆనదా?"

"నేననలేదు తల్లీ. మోసుకొచ్చానంతే."

నేరేడు ముక్కుపుటాలు అదిరాయి. కాసేపటికి కంచెకు దగ్గరగా వచ్చింది. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"చెప్పడానికి నేనెవర్ని? మా వైపు ఆడవాళ్ళైతే బిడ్డచేత ఒట్టు వేయించుకుంటారు. మాట జారిపోతుంది గానీ, ఒట్టు జారదు కదా."

అక్కడినుంచి వాగొడ్డుకు పోయాడు.

"బావా! ఓ గరికయ్య బావా!"

"నీకు నేను బావనెప్పుడయ్యాను?" జమ్ములోంచే అన్నాడు గరికయ్య.

"నేరేడును చెల్లెమ్మా అన్నాను, నువ్వు బావవు కాక ఇంకేమవుతావు? విడిపోయింది మీరిద్దరు, నేను కాదుగా."

గరికయ్యకు నవ్వొచ్చింది. నవ్వినవాడికి చెవి ఒగ్గక తప్పదు.

"చెప్పు, ఏంటి?"

"చెప్పరాని మాట. నువ్వు పిరికివాడివట. ఆపదొస్తే బిడ్డకంటే ముందు నువ్వే పరిగెడతావట. అందుకే ఏ సంతలోనైనా సరే, గుట్టకే పరిగెత్తమని పింజచేత ఒట్టు వేయించుకుంటోంది."

"ఒట్టా? నేను వేయించలేనా ఒట్టు?"

"అయ్యయ్యో, నేనెందుకు చెప్పాను" అని చెంపలు వేసుకుంటూ శాంతయ్య వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే నేరేడు పింజ ముంగాలు తీసి తన తలమీద పెట్టుకుంది.

"తీతువు అరిస్తే గుట్టకే రావాలి. ఏ సంతలోనైనా సరే. వాగుకి పోయావో, అమ్మ మీద ఒట్టే."

"ఒట్టు తప్పితే ఏమవుతుందమ్మా?"

"ఇంకేమవుతుంది? అమ్మ ఉండదు."

పింజ ఒట్టు వేసింది.

సంత మారింది. వాగొడ్డున గరికయ్య అదే ముంగాలు తీసి తన తలమీద పెట్టుకున్నాడు.

"వాగుకే రావాలి. గుట్టెక్కావో నాన్న మీద ఒట్టే."

"నాన్నా, మరి నేను..."

"నేనంటే ప్రేముందా లేదా?"

"ఉంది నాన్నా."

"ఉంటే వెయ్యి."

పింజ ఆ ఒట్టూ వేసింది. తల్లీ తండ్రీ ఎవరి పొదలో వాళ్ళు హాయిగా పడుకున్నారు, బిడ్డ తనదే అయిందని.

మళ్ళీ సంత మారి పింజ అమ్మ దగ్గరికి వచ్చింది. ఆపై సంతకు ముందురోజు బడిలో ఇంటిపరుగు దిద్దించారు. అందరికంటే ముందు ఉరికింది పింజ. ఉరికి, ఉరికి, చీలుదారిలో నల్లరాయి దగ్గర ఆగిపోయింది. ఎడమకు చూస్తే గుట్ట, కుడికి చూస్తే వాగు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటామే, అలాగ. మిగతా ఇళ్ళనుంచి కూతలూ కిచకిచలూ వినపడ్డాయి. దబదబ మాత్రం ఎటునుంచీ రాలేదు.

టీచరమ్మ వచ్చి రాతిమీద వాలింది. "ఏమైందే?"

ఒట్ల సంగతి చెబితే అమ్మానాన్నల పరువు పోతుందనుకుంది పింజ. "కాలు బెణికింది టీచరమ్మా" అంది.

టీచరమ్మ పిల్లల్ని చదివించి చదివించి ముసలిదైన పిట్ట. నమ్మలేదు. తిన్నగా గుట్టకు పోయింది. "నేరేడూ, మీ ఇద్దరూ ఒక్కసారి కలిసి వచ్చి, బిడ్డ ముందు ఒకే ఇల్లు చెప్పండి. ఏదైనా సరే. ఏదో ఒకటి."

"ఆయన్ని రమ్మనండి ముందు" అంది నేరేడు.

వాగొడ్డుకు పోయింది.

"ఆవిడ వస్తే నేను రాను" అన్నాడు గరికయ్య.

ఆ సాయంత్రం పింజ బడినుంచి పోతూ బసవయ్య తాత మేస్తున్న చోట ఆగింది.

"తాతా, ఒట్టు తప్పితే నిజంగా చచ్చిపోతారా?"

"ఎవరు వేశారమ్మా ఒట్టు?"

"నేనే. అమ్మ మీద ఒకటి, నాన్న మీద ఒకటి. ఎటు పరిగెత్తినా ఒకరు చచ్చిపోతారు. నేనెటు పరిగెత్తాలి తాతా?"

బసవయ్య తాత దవడ ఆగింది. పెద్ద కళ్ళతో ఆ బిడ్డను చూశాడు. ఆ మాటకు జవాబు ఆయన నోట్లోనే ఉంది. కానీ తొందరపడి చెప్పిన మాట పచ్చిగడ్డిలా కడుపుబ్బిస్తుందని ఆయన నమ్మకం. ఒట్టంటే చిన్న సంగతి కాదు, బిడ్డకు తప్పు చెప్పకూడదు అనుకున్నాడు.

"రేపు చెప్తాలే తల్లీ. కాస్త నెమరు వేసుకోనీ."

"రేపు సంత తాతా. బడి వదిలాక రాయి దగ్గరే ఉంటాను."

"ఎల్లుండి పొద్దున్నే రాయి దగ్గరికి నేనే వస్తా. బడికి పోతూ ఆగు" అన్నాడు తాత.

మర్నాడు సంత. దారిలో బళ్ళు గలగలమంటూ పోయాయి. పింజ అమ్మ ఇంటినుంచి నాన్న ఇంటికి మారాల్సిన రోజు. ఎండ కాస్త వాలింది. బడి వదలబోతుంటే శాంతయ్య కొండ దిగి వచ్చాడు. దాక్కోలేదు, పొంచలేదు. సంతకు పోయేవాడిలా నడుచుకుంటూ వచ్చాడు.

"తీ తీ తీ తూ! తీ తీ తీ తూ!"

పిల్లలందరూ చెదిరిపోయారు. టీచరమ్మ రెక్క విరిగినట్టు నేలమీద పొర్లుతూ నక్క ముందు కుంటింది, తన వెంట పడితే పిల్లలు తప్పించుకుంటారని. ఆ పిట్టకు తెలిసిన పెద్ద విద్య అది. శాంతయ్య ఆవిడవైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆవిడ చుట్టూ తిరిగి, చీలుదారి వైపు పోయాడు.

పింజ గాలిలా ఉరికింది. దాని ముందు ఎంత దారి ఉంది! ఎటు పోయినా ఇల్లు చేరేదే. నల్లరాయి దాకా ఉరికి, రాతిమీద నిలబడింది.

ఎడమకు చూసింది. అమ్మ.

కుడికి చూసింది. నాన్న.

నక్క పరిగెత్తలేదు. నడిచి వచ్చాడు.

అక్కడ జరిగింది నా చేత్తో నేను రాయలేను.

జొన్నచేను గట్టునుంచి కూత వినపడింది. చింతచెట్టునుంచి కిచకిచ. టీచరమ్మ గాల్లో నిలబడి దబదబ కోసం విన్నది. ఎంతసేపు విన్నా రాలేదు. నల్లరాయి మీద నక్కా లేడు, పింజా లేదు. గుట్టకు ఎగిరింది.

"నేరేడూ, పింజ వచ్చిందా?"

"ఇవాళ సంత కదా, ఆయన వంతు. అక్కడే ఉంటుంది" అంది నేరేడు. మనసులో మాత్రం, ఒట్టు వేసి కూడా అటే పోయిందా అని కుమిలింది.

వాగొడ్డుకు ఎగిరింది.

"రాలేదు. రాయి దగ్గర వదల్లేదుగా ఆవిడ! నా వంతు వచ్చినా పట్టుకు కూర్చుంది" అన్నాడు గరికయ్య.

మళ్ళీ గుట్టకు. "అక్కడ లేదమ్మా!"

"లేదని చెప్పమన్నాడా?" అంది నేరేడు. "దాచిపెట్టి లేదంటున్నాడు. ఆయన సంగతి మీకు తెలీదు టీచరమ్మా."

మళ్ళీ వాగుకు. "గుట్టమీద లేదయ్యా, నా మాట నమ్ము!"

"మిమ్మల్ని కూడా బుట్టలో వేసుకుందన్నమాట. నేను మాత్రం ఆ గుట్ట ఎక్కను. బిడ్డకోసం నేనే దేబిరించి రావాలని ఆవిడ నాటకం."

టీచరమ్మ ఒక్కత్తే తిరిగింది. చేలమీద, వాగుమీద, గుట్టమీద, చీకటి పడేదాకా అరుస్తూనే తిరిగింది. సంతనుంచి ఇంటికి పోతున్న మనుషులు ఆ అరుపు విని, "పాడు పిట్ట, అపశకునం" అని ఉమ్మేసి బళ్ళు తోలుకుపోయారు. తంగేడు పొదలో నేరేడు, జమ్ములో గరికయ్య, అదే అరుపు విన్నారు. ఇద్దరూ కదల్లేదు. కదిలితే ఓడిపోతారు మరి.

తెల్లవారాక బసవయ్య తాత బరువుగా నడుచుకుంటూ చీలుదారికి వచ్చాడు. జవాబు బాగా నెమరుకు వచ్చింది. ఒట్టు తప్పితే ఎవరూ చచ్చిపోరు తల్లీ, ఎటు దగ్గరైతే అటు పరిగెత్తు, అని చెప్పాలి. దారంతా ఆ మాటే మళ్ళీ మళ్ళీ అనుకుంటూ వచ్చాడు. నల్లరాతిమీద తల వంచి చూశాడు. తెల్లటి దూది కొంచెం రాతికి అంటుకుని గాలికి ఊగుతోంది.

కాడి మోసిన ఇన్నేళ్ళలో ఎన్నడూ అరవని అరుపు అరిచాడు తాత.

గుట్టమీదనుంచి నేరేడు వచ్చింది. వాగొడ్డునుంచి గరికయ్య వచ్చాడు. విడిపోయిన నాటినుంచి ఆ రాయి దగ్గర ఇద్దరూ ఒకేసారి నిలబడడం అదే మొదలు.

"నీ దగ్గర లేదా?" అంది నేరేడు.

"నీ దగ్గర లేదా?" అన్నాడు గరికయ్య.

తాత ఇద్దర్నీ చూశాడు. "అమ్మ మీద ఒట్టు, నాన్న మీద ఒట్టు అంది బిడ్డ నాతో. ఎటు పరిగెత్తాలి తాతా అని అడిగింది. ఇవాళ చెప్తానన్నాను" అన్నాడు.

"నువ్వూ వేయించావా?" అంది నేరేడు.

"నువ్వు వేయిస్తున్నావన్నాడు ఆ శాంతయ్య. అందుకే నేనూ..."

"నువ్వు కబురు పెట్టావన్నాడు. నాకు చూపు ఆనదన్నావని..."

"నేనెప్పుడన్నాను?"

"నన్నొక్కసారి అడిగితే ఏం పోయేది?"

"నువ్వడిగావా?"

కొండమీదనుంచి శాంతయ్య గొంతు వినపడింది. కడుపు నిండిన గొంతు, తొందరలేని గొంతు. "చెల్లెమ్మా, బావా! ఇన్నాళ్ళకు ఇద్దరూ ఒక్కచోట కనపడ్డారు, కన్నులపండుగగా ఉంది. నన్నేమీ అనకండి. నేను మోసినవి మాటలే. బిడ్డను రాతిమీద నిలబెట్టింది మీరు."

అబద్ధాలన్నీ చెప్పినవాడు చివరికొక నిజం చెప్పాడు.

బడి ఇప్పటికీ నడుస్తోంది. బసవయ్య తాత ఇప్పుడు పిల్లలేమడిగినా అక్కడికక్కడే చెప్పేస్తాడు, తప్పో ఒప్పో. తొలకరికి కొత్త పిల్లలు వస్తారు, టీచరమ్మ "నీ ఇల్లేది?" అని అడుగుతుంది. ఏ పిల్లైనా కాస్త తడబడితే, ఆవిడ పాఠం ఆపేసి ఆ పిల్ల తల్లినీ తండ్రినీ పిలిపిస్తుంది, వచ్చేదాకా వాళ్ళ గుమ్మంలో అరుస్తూనే ఉంటుంది.

సాయంత్రం బడి వదిలే వేళకు గుట్టమీదనుంచి ఒక కుందేలు, వాగొడ్డునుంచి ఒక కుందేలు నల్లరాయి దగ్గరికి వస్తాయి. రోజూ వస్తాయి, సంత ఉన్నా లేకపోయినా. ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యవు. ఆఖరి పిల్ల ఇల్లు చేరిన చప్పుడు వినపడేదాకా పక్కపక్కనే కూర్చుని, లేచి ఎవరి పొదకు వాళ్ళు వెళ్ళిపోతాయి.

పెద్దల పంతాలు రెండు దారులైతే, బిడ్డ కాళ్ళు ఏ దారీ పట్టవు.